అటవీ విశ్రాంతి గృహాలు: చరిత్ర, చట్టం, అద్దె విధానం

అడవి నడుమ ఒకటి రెండు రాత్రులు గడపగోరే పౌరులకు దేశంలోని పలు రాష్ట్రాల అటవీ శాఖలు తమ ఆధీనంలోని విశ్రాంతి గృహాలను నిర్ణీత అద్దెపై కేటాయిస్తున్నాయి. వీటిలో అనేకం బ్రిటిష్ పాలనాకాలంలో అటవీ అధికారుల పర్యటనల నిమిత్తం నిర్మితమైనవి. గ్రామీణులు వీటిని నేటికీ ‘ఫారెస్టు బంగళా’లుగానే వ్యవహరిస్తారు. పులుల సంరక్షణ కేంద్రాల కోర్ ప్రాంతాల్లో పర్యాటకుల కోసం కొత్త వసతి నిర్మించరాదన్న నిబంధన ఉన్నందున, అక్కడ శిథిలమైన ప్రతి పాత బంగళాతో పాటు ఒక వసతి శాశ్వతంగా తగ్గిపోతుంది. కనుక ఈ గృహాలను ఎవరికి, ఏ షరతులపై ఇస్తున్నారు, వచ్చిన అద్దెను దేనికి వెచ్చిస్తున్నారు అన్న అంశాలకు ప్రాధాన్యం ఏర్పడింది. పాత్రికేయులు, అధికారుల ఉపయోగార్థం వీటి నేపథ్యం, వర్తించే చట్టాలు, అద్దె విధానం, పరిరక్షణ అవసరాలు ఈ వ్యాసంలో పొందుపరచబడ్డాయి.

చారిత్రక నేపథ్యం

మద్రాసు రాజధానిలో అడవుల పాలనకు 1856లో ప్రత్యేకంగా కన్సర్వేటర్ పదవి ఏర్పడింది. ఆ పదవిలో తొలుత నియమితుడైనవాడు వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త హ్యూ క్లెగార్న్. 1864లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త డీట్రిచ్ బ్రాండిస్ భారతదేశ ప్రప్రథమ అడవుల ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా బాధ్యతలు స్వీకరించారు. 1865లో తొలి అటవీ చట్టం, 1878లో మరింత సమగ్రమైన చట్టం వచ్చాయి. మద్రాసు రాజధానికి ప్రత్యేకంగా 1882లో మద్రాసు అటవీ చట్టం అమలులోకి వచ్చింది. ఈ చట్టాల ద్వారా విస్తారమైన అడవులు రిజర్వు అడవులుగా ప్రకటించబడ్డాయి.

రిజర్వు అడవుల సరిహద్దులను పరిశీలించడం, కలప నరికివేతకు చెట్లను గుర్తించడం, అగ్నిరేఖలను తనిఖీ చేయడం వంటి విధులకు అధికారులు నెలకు అనేక రోజులు అడవిలోనే ఉండవలసి వచ్చేది. మోటారు వాహనాలు లేని ఆ రోజుల్లో ప్రయాణం కాలినడకన, గుర్రాలపై, ఎడ్లబండ్లపై సాగేది. ఒక రోజు ప్రయాణానికి అనువైన దూరంలో, ఏడాది పొడవునా నీరు దొరికే చోట బస అవసరమైంది. అటవీ విశ్రాంతి గృహాల వరుస ఈ విధంగా ఏర్పడింది. అడవిలోని పాత బాటలను గమనిస్తే ఈ బంగళాలు ఒకదానికొకటి దాదాపు ఒక దినప్రయాణ దూరంలో ఉండటం పలు ప్రాంతాల్లో కనిపిస్తుంది.

రోడ్లు, జీపులు వచ్చిన తరువాత అధికారులు ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగారు. రాత్రి బస అవసరం తగ్గింది. పలు బంగళాలు నిరుపయోగంగా మారాయి. కొన్ని శిథిలమయ్యాయి, కొన్ని సిబ్బంది నివాసాలుగా, బేస్ క్యాంపులుగా మారాయి. మిగిలినవాటిలో కొన్నింటిని పౌరులకు అద్దెకిచ్చే విధానం క్రమంగా స్థిరపడింది.

మూడు రకాల వసతి

అడవిలో లభించే ప్రభుత్వ వసతిని వార్తల్లో ఒకే పేరుతో పేర్కొనడం పరిపాటి. వాస్తవానికి ఇవి మూడు రకాలు. మొదటిది అటవీ విశ్రాంతి గృహం. ఇది అటవీ శాఖ ఆస్తి. విధి నిర్వహణలో ఉన్న అధికారుల బస దీని మూల ప్రయోజనం. పౌరులకు ఇచ్చేది ఖాళీగా ఉన్నప్పుడే. రెండవది ఇతర శాఖలకు చెందిన తనిఖీ బంగళా. రోడ్లు, నీటిపారుదల వంటి శాఖల అధికారుల కోసం ఇవి ఏర్పడ్డాయి. మూడవది పర్యావరణ పర్యాటక కుటీరం. ఇది సందర్శకుల కోసమే ఇటీవలి దశాబ్దాల్లో నిర్మించినది. వీటి నిర్వహణ అటవీ శాఖ, పర్యాటక సంస్థ లేదా వన సంరక్షణ సమితి చేతుల్లో ఉంటుంది. ఈ మూడింటికీ అనుమతి ఇచ్చే అధికారి, అద్దె జమయ్యే ఖాతా, వర్తించే షరతులు వేర్వేరు.

నిర్మాణ రీతి

పాత విశ్రాంతి గృహాలు స్థానికంగా దొరికే సామగ్రితో నిర్మితమయ్యాయి. రాతి పునాది, ఎత్తైన అరుగు, సున్నంతో కట్టిన మందపాటి గోడలు, టేకు లేదా ఆ ప్రాంతపు కలపతో దూలాలు, పెంకు లేదా గడ్డి కప్పు, చుట్టూ లేదా ముందువైపు వెడల్పాటి వరండా వీటి సాధారణ లక్షణాలు. ఎత్తైన అరుగు వల్ల వర్షపు నీరు, పాములు లోనికి రావడం తగ్గుతుంది. వరండా గోడలను ఎండ నుంచి కాపాడుతుంది. నిప్పు ప్రమాదం ఇంటికి పాకకుండా వంటగదిని విడిగా, కొంత దూరంలో నిర్మించేవారు. హిమాలయ ప్రాంతాల్లోని గృహాలకు చలిమంట గూళ్లు ఉంటాయి. ఇంటికి ఒక కాపలాదారు, రాకపోకలు నమోదు చేసే ఒక రిజిస్టరు ఉండటం తొలినాటి నుంచి వస్తున్న పద్ధతి.

ఢికాలా ఉదాహరణ

పాత విశ్రాంతి గృహాలను పౌరులకు క్రమబద్ధంగా కేటాయించడంలో ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పులుల సంరక్షణ కేంద్రం ప్రముఖ ఉదాహరణ. 1936లో హేలీ జాతీయ ఉద్యానవనం పేరుతో ఏర్పడిన ఇది దేశంలో మొట్టమొదటి జాతీయ ఉద్యానవనం. వేటగాడిగా జీవితం ప్రారంభించి సంరక్షకుడిగా మారిన జిమ్ కార్బెట్ మరణానంతరం, 1957లో ఆయన పేరు దీనికి పెట్టబడింది. 1973 ఏప్రిల్ 1న ప్రాజెక్ట్ టైగర్ ప్రారంభమైంది ఈ ఉద్యానవనంలోని ఢికాలాలోనే.

రామగంగ జలాశయం అంచున, పాట్లీ దూన్ గడ్డి మైదానాలకు ఎదురుగా ఉన్న ఢికాలా ప్రాంగణంలో పాత విశ్రాంతి గృహంతో పాటు తరువాతి కాలపు గదులు కూడా ఉన్నాయి. ధన్‌గఢీ ద్వారం నుంచి అక్కడికి 30 కిలోమీటర్లకు పైగా అటవీ మార్గంలో ప్రయాణించాలి. గైరాల్, సర్పదులీ, సుల్తాన్ వంటి చిన్న విశ్రాంతి గృహాలు ఇదే మార్గంలో ఉన్నాయి. వర్షాకాలంలో వాగులు పొంగి మార్గాలు తెగిపోతాయి. కనుక ఢికాలా ప్రాంతం జూన్ మధ్య నుంచి నవంబరు మధ్య వరకు మూసివేయబడుతుంది. ప్రాంగణం చుట్టూ సౌర విద్యుత్ కంచె ఉంటుంది. కంచె దాటి కాలినడకన వెళ్లడం నిషిద్ధం. మద్యపానానికి అనుమతి లేదు. సూర్యాస్తమయం తరువాత వాహనాల సంచారం ఉండదు. ఇంతటి ఆంక్షల మధ్య కూడా అక్కడి గదులకు గిరాకీ అత్యధికంగా ఉండటం గమనార్హం.

తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి

తెలుగు నేలపై ఈ అంశం ప్రధానంగా నల్లమలకు సంబంధించినది. నాగార్జునసాగర్-శ్రీశైలం ప్రాంతం 1978లో అభయారణ్యంగా, 1983లో ప్రాజెక్ట్ టైగర్ పరిధిలోకి వచ్చింది. 2014లో రాష్ట్ర విభజన అనంతరం కృష్ణానదికి ఉత్తరాన ఉన్న భాగం తెలంగాణలో అమ్రాబాద్ పులుల సంరక్షణ కేంద్రంగా కొనసాగుతోంది. దక్షిణ భాగం ఆంధ్రప్రదేశ్‌లో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల సంరక్షణ కేంద్రంగా ఉంది.

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే రహదారిపై సుమారు 140 కిలోమీటర్ల దూరంలోని మన్ననూరు అమ్రాబాద్‌కు ప్రవేశ కేంద్రం. ఇక్కడ అటవీ శాఖ సందర్శకులకు బస, సఫారీ కలిపి నిర్వహిస్తోంది. సమీపంలోని ఫరహాబాద్ నిజాం పాలనలో వేట విడిదిగా ప్రసిద్ధి పొందింది. ఒకప్పుడు వేటగాళ్లు దిగిన చోట నేడు సందర్శకులు పులిని చూడటానికి మాత్రమే వెళ్తున్నారు. ఈ రహదారిపై అటవీ ప్రాంతంలో రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలకు అనుమతి లేదు. మన్ననూరులో బసకు వచ్చేవారు ఈ సమయాన్ని దృష్టిలో ఉంచుకొని బయలుదేరవలసి ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్ వైపు ఆత్మకూరు-దోర్నాల మార్గంలోని బైర్లూటి, నంద్యాల-గిద్దలూరు మార్గంలోని పచ్చర్ల వద్ద నల్లమల జంగిల్ క్యాంపుల పేరిట అటవీ శాఖ వసతి కల్పించింది. తలకోనలో నెరబైలు వన సంరక్షణ సమితి కుటీరాలను నిర్వహిస్తోంది. రంపచోడవరం అటవీ ప్రాంతంలోని మారేడుమిల్లిలో సైతం వన సంరక్షణ సమితి భాగస్వామ్యంతో వసతి నడుస్తోంది. ఇవి ప్రధానంగా పర్యావరణ పర్యాటక కుటీరాల కోవకు చెందినవి. చారిత్రక బంగళాల బస కోరేవారు సంబంధిత డివిజనల్ అటవీ అధికారి కార్యాలయంలో విచారించి, ఆ గృహం పౌరులకు కేటాయించే జాబితాలో ఉన్నదీ లేనిదీ ముందుగా ధ్రువపరచుకోవాలి.

నల్లమలలో ఏ బసకైనా చెంచుల అనుభవం ఆధారం. అడవిలో జాడలు గుర్తించడంలో వారికున్న నైపుణ్యం దృష్ట్యా అటవీ శాఖ వారిని రక్షణ సిబ్బందిగా, పులుల జాడ పరిశీలకులుగా వినియోగిస్తోంది. క్యాంపుల్లో లభించే ఉపాధి వారి కుటుంబాలకు ఆదాయమార్గం. చెంచు గూడేలను ప్రదర్శన స్థలాలుగా భావించి అనుమతి లేకుండా ప్రవేశించడం, ఫొటోలు తీయడం సమంజసం కాదు.

వర్తించే చట్టాలు

వన్యప్రాణి (సంరక్షణ) చట్టం, 1972లోని 27వ సెక్షన్ అభయారణ్యంలో ప్రవేశాన్ని, నివాసాన్ని పరిమితం చేస్తుంది. విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగులు, స్థిరాస్తి హక్కులున్నవారు, ప్రజా రహదారిపై వెళ్లేవారు వంటి వర్గాలు మినహా ఇతరులకు అనుమతి తప్పనిసరి. వన్యప్రాణులను వేధించడాన్ని, అభయారణ్య భూమిపై చెత్త వేయడాన్ని సైతం ఇదే సెక్షన్ నిషేధిస్తుంది. 28వ సెక్షన్ కింద అధ్యయనం, ఛాయాగ్రహణం, శాస్త్రీయ పరిశోధన, పర్యాటకం తదితర ప్రయోజనాలకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఇవ్వవచ్చు. నిప్పు పెట్టడాన్ని 30వ సెక్షన్, అనుమతి లేకుండా ఆయుధంతో ప్రవేశాన్ని 31వ సెక్షన్ నిషేధిస్తున్నాయి. అనగా బంగళా గది రసీదు ఒక్కటే చాలదు. ఆ రసీదు వెనుక చట్టబద్ధమైన ప్రవేశానుమతి కూడా ఉండాలి.

అభయారణ్యంలో వాణిజ్య పర్యాటక వసతి గృహాలు, హోటళ్ల నిర్మాణానికి జాతీయ వన్యప్రాణి మండలి ముందస్తు ఆమోదం అవసరమని 33వ సెక్షన్ పేర్కొంటోంది. పులుల సంరక్షణ కేంద్రాల విషయంలో 2012 సంవత్సరం కీలకమైనది. ఆ ఏడాది జూలై 24న కోర్ ప్రాంతాల్లో పర్యాటకాన్ని సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిపివేసింది. అక్టోబరు 15న జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు వెలువడగా, మరునాడు ఆ నిలుపుదల తొలగింది. మార్గదర్శకాల ప్రకారం కోర్ ప్రాంతంలో పర్యాటకం 20 శాతం విస్తీర్ణానికి మించరాదు. కొత్త పర్యాటక నిర్మాణాలు చేపట్టరాదు. ఇప్పటికే ఉన్న వసతిని పర్యావరణంపై తక్కువ ప్రభావం ఉండేలా కట్టుదిట్టంగా నియంత్రించాలి.

కోర్ ప్రాంతాల వెలుపల పరిస్థితి కొంత భిన్నం. 1980 నాటి అటవీ (సంరక్షణ) చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం, కార్యాచరణ ప్రణాళికలో గాని వన్యప్రాణి నిర్వహణ ప్రణాళికలో గాని చేర్చిన పర్యావరణ పర్యాటక సదుపాయాలు అటవీయేతర ప్రయోజనంగా పరిగణించబడవు. కొత్త కుటీరాల నిర్మాణానికి ఇది వెసులుబాటు కల్పించింది. ఒక డివిజన్‌లో మరమ్మతుకు నోచుకోని పాత బంగళాలు ఉండగా కొత్త కుటీరాలు ప్రతిపాదించినప్పుడు, ఏది తక్కువ అడవిని వినియోగిస్తుందో సరిపోల్చి నిర్ణయించడం ఆ ప్రణాళికల రూపకర్తల బాధ్యత.

అద్దె విధానం

విధానం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కొన్ని రాష్ట్రాల్లో ఆన్‌లైన్ ద్వారా, మరికొన్ని చోట్ల డివిజనల్ అటవీ అధికారికి దరఖాస్తు ద్వారా కేటాయింపు జరుగుతుంది. బస చేసే ప్రతి వ్యక్తి పేరు, వయసు, గుర్తింపు పత్రం వివరాలు, వాహనం వివరాలు ముందుగా తెలపాలి. అద్దె, ప్రవేశ రుసుము, వాహన రుసుము, గైడు రుసుము సాధారణంగా విడివిడిగా ఉంటాయి. విదేశీ సందర్శకులకు వేరు రేట్లు ఉండవచ్చు. అధికారిక విధి అవసరం ఏర్పడినా, కార్చిచ్చు, వరద వంటి పరిస్థితి తలెత్తినా కేటాయింపు రద్దు కావచ్చు. ఆ సందర్భంలో చెల్లించిన మొత్తం వాపసు నిబంధనను దరఖాస్తు సమయంలోనే తెలుసుకోవాలి. ప్రైవేటు ఏజెంట్ల ద్వారా కాక శాఖ అధికారిక మార్గంలోనే సొమ్ము చెల్లించడం శ్రేయస్కరం.

బస చేసేవారు పాటించవలసినవి

సూర్యాస్తమయానికి ముందే ప్రవేశ ద్వారం దాటి గృహానికి చేరుకోవాలి. మార్గమధ్యంలో వాహనం దిగరాదు. చీకటి పడిన తరువాత వరండా దాటి వెళ్లరాదు. పలు గృహాల్లో విద్యుత్తు కొద్ది గంటలకే పరిమితం. ఫోను సిగ్నల్ అందదు. కనుక టార్చిలైటు, అవసరమైన మందులు, తాగునీరు వెంట ఉంచుకోవాలి. పాముకాటు వంటి అత్యవసర స్థితిలో సమీప ఆసుపత్రి ఎంత దూరమో బయలుదేరకముందే తెలుసుకొని ఉండాలి.

ఆహారం విషయంలో కాపలాదారుపై భారం మోపరాదు. కొన్ని చోట్ల క్యాంటీన్ ఉంటుంది, కొన్ని చోట్ల సరుకులు తామే తీసుకువెళ్లాలి. మిగిలిన ఆహారాన్ని ఆరుబయట పారవేయరాదు. ఆ వాసనకు అలవాటుపడిన కోతులు, ఎలుగుబంట్లు, అడవి పందులు మళ్లీ మళ్లీ అక్కడికే వస్తాయి. తరువాత వచ్చే అతిథికి, నిత్యం అక్కడే ఉండే కాపలాదారు కుటుంబానికి అది ప్రమాదకరం. ప్లాస్టిక్‌తో సహా తెచ్చిన ప్రతి వస్తువునూ తిరిగి తీసుకువెళ్లాలి. ఫిబ్రవరి నుంచి మే వరకు కార్చిచ్చు ప్రమాదం తీవ్రంగా ఉంటుంది. ఆ నెలల్లో ఆరుబయట మంట వేయడం, సిగరెట్టు ముక్క పారవేయడం క్షమించరాని తప్పిదం. ధ్వనివర్ధకాలకు, బాణసంచాకు తావు లేదు.

ఈ షరతులను ఉల్లంఘించడం చట్టరీత్యా నేరం కాగలదు. వన్యప్రాణి చట్టంలోని సాధారణ నేరాలకు 3 సంవత్సరాల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ విధించవచ్చు. 2022 సవరణ ద్వారా ఆ జరిమానా గరిష్ఠ పరిమితి లక్ష రూపాయలకు పెరిగింది.

అద్దె సొమ్ము వినియోగం

వన్యప్రాణి చట్టానికి 2006లో చేసిన సవరణ ద్వారా చేరిన 38-ఎక్స్ సెక్షన్ ప్రతి పులుల సంరక్షణ కేంద్రానికి ఒక పులుల సంరక్షణ ఫౌండేషన్ ఏర్పాటును నిర్దేశించింది. ప్రవేశ రుసుము తదితర వసూళ్లను తిరిగి ఆ కేంద్రం కోసమే వినియోగించడం, స్థానికుల భాగస్వామ్యంతో పర్యావరణ పర్యాటకాన్ని ప్రోత్సహించడం దీని లక్ష్యాల్లో ఉన్నాయి. పులుల సంరక్షణ కేంద్రాల వెలుపలి గృహాలకు ఈ ఏర్పాటు వర్తించదు. అక్కడ అద్దె సాధారణ ఖజానాకు జమ అయితే, కప్పు కారే బంగళాకు అదే బంగళా ఆర్జించిన సొమ్ము అందే మార్గం ఉండదు.

ఈ విషయంలో అమెరికా అనుభవం పరిశీలించదగినది. ఆ దేశపు అటవీ సేవా విభాగం 1905లో ఏర్పడింది. 1910 ఆగస్టులో ఇడాహో, మోంటానా రాష్ట్రాల్లో చెలరేగిన మహా దావానలం సుమారు 30 లక్షల ఎకరాలను దహించి, కనీసం 85 మంది ప్రాణాలు బలిగొన్నది. దాని దరిమిలా కొండ శిఖరాలపై అగ్ని పరిశీలన గృహాలు, లోయల్లో సిబ్బంది చెక్క ఇళ్లు విరివిగా వెలిశాయి. 1933-42 మధ్య నిరుద్యోగ యువకుల కోసం నడిచిన పౌర సంరక్షణ దళం వీటిలో అనేకం నిర్మించింది. విమానాలు, రేడియోలు వచ్చాక ఆ ఇళ్ల అవసరం తగ్గగా, కొన్నింటిని పౌరులకు రాత్రి బసకు అద్దెకివ్వడం మొదలైంది. 2004లో చేసిన సమాఖ్య చట్టం ప్రకారం వసూలైన రుసుములో సాధారణంగా 80 శాతానికి తగ్గకుండా వసూలైన చోటనే ఖర్చు చేయాలి. అతిథి చెల్లించే సొమ్ము ఆ ఇంటి కప్పుకు, తలుపుకు చేరే ఏర్పాటు ఇది.

కట్టడాల పరిరక్షణ

1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం 100 సంవత్సరాలకు తగ్గని కట్టడాలకు వర్తించినప్పటికీ, ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప వయసు మాత్రాన రక్షణ లభించదు. కనుక నూరేళ్లు నిండిన అటవీ బంగళా సైతం సాధారణ ప్రభుత్వ భవనంగానే మరమ్మతులకు లోనవుతుంది. సున్నపు గోడలపై సిమెంటు పూత వేస్తే గోడలోని తేమ బయటకు పోయే మార్గం మూసుకుపోయి, లోపలి నుంచి గోడ పాడవుతుంది. పెంకు తీసి రేకు వేస్తే గదిలో వేడి పెరుగుతుంది, ఆపై ఏసీ యంత్రం, దానికి జనరేటరు అవసరమవుతాయి. వీటిని నివారించడానికి ప్రతి గృహానికి నిర్మాణ సంవత్సరం, వాడిన సామగ్రి, చేసిన మరమ్మతులతో కూడిన రికార్డు నిర్వహించడం, వర్షాకాలానికి ముందే కప్పును, కాలువలను తనిఖీ చేయడం, చుట్టూ అగ్నిరేఖను ఏటా శుభ్రపరచడం, చెదల నివారణకు కలపను పరీక్షించడం క్షేత్రస్థాయి అధికారుల విధుల్లో చేర్చదగినవి. పాత సందర్శకుల రిజిస్టర్లు ఆ ప్రాంతపు వన్యప్రాణి చరిత్రకు ఆధారాలు కాగలవు. వాటిని తేమ, చెదల నుంచి కాపాడి డివిజన్ కార్యాలయానికి చేర్చడం అవసరం.

అడవిలో బంగళా అద్దెకు తీసుకునే కుటుంబం హోటల్ సౌకర్యాన్ని ఆశించి వెళ్తే నిరాశ చెందుతుంది. అధికారి ఒకప్పుడు ఏ నియమాలతో అక్కడ రాత్రి గడిపాడో, అతిథి కూడా దాదాపు అవే నియమాలతో గడపవలసి ఉంటుంది. ఆ నియమాల అమలు, అద్దె సొమ్ము ఆ గృహానికే చేరడం, సమయానికి మరమ్మతు జరగడం అనే మూడూ నెరవేరిన చోట పాత బంగళా మరికొన్ని దశాబ్దాలు నిలుస్తుంది. అడవిలో కొత్త భవనం కోసం మరొక చెట్టు కొట్టవలసిన అవసరం కూడా ఆ మేరకు తగ్గుతుంది.